ముక్కు లేని మామిడి

ఆళ్లగడ్డ, 1958 జూన్. వేసవి సెలవులైపోయి బడి తెరవడానికి ముందురోజు సాయంత్రం. గదిలో హెడ్మాస్టరు అనంతయ్యగారు, డ్రాయింగు మాస్టరు శేషయ్య, బల్లకు ఇవతల మామిడితోపు కమలాక్షమ్మ.

"...అదంతా తర్వాత కమలాక్షమ్మగారూ. ముందు గంప సంగతి చెప్పండి. ఇన్‌స్పెక్టరుగారు రేపు పొద్దున నంద్యాల బస్సులో దిగుతారు. పండ్లు వచ్చినట్టేనా?"

"గంప యాడికి పోతాది సారూ. మీ వరండాలోనే ఉంది, గోనెపట్ట కప్పి పెట్టినా."

"'యాడికి' కాదమ్మా, 'ఎక్కడికి'. పెద్దవారు మీరే అలా అంటే ఇక పిల్లలకు నేనేం చెప్పను?"

"ఎక్కడికీ పోదు సారూ. నేనడిగినదాని సంగతి చెప్పండి. పొద్దున బోర్డుకు తప్పినోళ్ల నంబర్లు అంటిచ్చినారే, దాండ్లో నలపై రెండు ఉంది. ఆ పిల్ల యాల తప్పింది?"

"ఏ క్లాసు?"

"అయిదు."

"అయిదో తరగతి, నలభై రెండు. శేషయ్యా, ఎందులో పోయింది?"

"డ్రాయింగులో సార్. తక్కినవన్నీ పాసే. లెక్కల్లో అయితే క్లాసుకే ఫస్టు. సార్, ఆ పిల్ల ఎవరో తమరికి..."

"పేరు చెప్పొద్దు! ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ఈ బళ్లో పేర్లు లేవు, నంబర్లే. చూడండి కమలాక్షమ్మగారూ, పేరు చెవిన పడిందా, మనసు కరుగుతుంది. ఏ ఊరో తెలుస్తుంది, ఎవరి బిడ్డో తెలుస్తుంది. అదే నంబరనుకోండి, నంబరుకు అమ్మ లేదు, నాయన లేడు."

"పాపం."

"పాపం కాదమ్మా, పద్ధతి. నా సొంత బిడ్డయినా సరే, ఈ గేటు దాటి లోపలికొస్తే నంబరే. ఏ నంబరో నాకు తెలీదు, తెలుసుకోను."

"గేటు దాటి ఇంటికి పోయినాక పేరుంటాదా సారూ?"

"ఏమిటి?"

"ఏం లేదులే, ఊరికే అడిగినా. మీ పద్ధతి బాగానే పట్టినాది పిల్లోళ్లకు. మొన్న మా ఎనుములు తోలే మద్దిలేటి కొడుకును, ఏమప్పా, పెద్దోడివైనాక ఏం చేస్తావంటే, 'దేశసేవ చేసెదను' అన్యాడు."

"చూశారా!"

"చూసినా. వాని చెల్లెల్ని అడిగినా. ఆ పిల్లా 'దేశసేవ చేసెదను' అనింది. వాని తమ్ముడింకా బడికే రాలా, వానికీ నోటికొచ్చు. అందరూ దేశసేవకు పోతే నా ఎనుములనెవురు తోలాల?"

"అది జవాబమ్మా. ఇన్‌స్పెక్టరుగారు అడిగినప్పుడు క్లాసంతా ఒక్క గొంతుతో అనాలి. పదేళ్ల కిందట ఒకడు లేచి 'లారీ తోల్తా' అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది."

"ఆ పిల్లోడేమైనాడు?"

"లారీ తోలుతున్నాడు సార్, అహోబిలం దావలో."

"నిన్నడగలేదు శేషయ్యా. ఆ నలభై రెండు కాగితం తియ్యి. ఈమెకే చూపిద్దాం. ప్రశ్న ఏమిటి?"

"'మామిడిపండు బొమ్మ గీచి రంగు వేయుము' సార్."

"వేయుము. ఇప్పుడు చూడండమ్మా. ఇదేమిటి?"

"మామిడిపండు."

"మళ్లీ చూడండి."

"మళ్ల చూసినా మామిడిపండే సారూ. కాపురానికొచ్చినప్పట్నుంచి చూస్తాండా. బేనిషా. తొడిమకాడ సొన గూడా కారుతాండాది చూడు. అబ్బ, ఎంత బాగేసింది! ఈ పక్కన ఉడత కొరికిన గాటు గదా ఇది?"

"ఉడత! అదీ! వేయమన్నది మామిడిపండు. ఉడతనెవరు వేయమన్నారు? ఉడత సిలబస్‌లో ఉందా శేషయ్యా?"

"మూడో తరగతి వాచకంలో ఉంది సార్."

"అయిదో తరగతి డ్రాయింగులో?"

"లేదు సార్."

"లేదు."

"మా తోపులో ఉడతలకు ఆ సంగతి ఎవురు చెప్పాల సారూ?"

"ఉడతనట్లుంచండి. ముక్కేదీ?"

"ఏం ముక్కు?"

"మామిడిపండు ముక్కమ్మా!"

"బేనిషాకు ముక్కు యాడుంటాది?"

"ఎక్కడ. శేషయ్యా, అట్ట చూపించు."

"ఇదిగో సార్."

"చూశారా, ఇదీ మామిడి. చెన్నపట్నం కింద మనమున్నప్పుడు వచ్చిన నమూనా. దాన్ని చూసి శేషయ్య అట్టలో కత్తిరించాడు. కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పితే సరి, ఎంత మొద్దుకైనా మామిడి వచ్చి తీరుతుంది. ముక్కు ఎడమవైపు. తర్వాత రాజధాని కర్నూలుకు వచ్చింది, కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. రాష్ట్రం పేరే మారింది. ఆ ముక్కు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. క్రమశిక్షణంటే అదీ!"

"అట్టముక్కు యాడికి... ఎక్కడికి కదుల్తాది సారూ?"

"ముక్కుకు మార్కులున్నాయి. వంపుకున్నాయి. గీత దాటకుండా పసుపు వేసినందుకున్నాయి. ముక్కు లేదు గనక ముక్కు మార్కులు పోయాయి. ముక్కు లేకపోతే వంపు ఎక్కడ మొదలవుతుందో తెలీదు గనక వంపు మార్కులూ పోయాయి."

"రంగన్నా మిగిలింటాది గదా?"

"లేని మామిడికి రంగెలా వేస్తారమ్మా?"

"ఓహో. ముక్కు పోతే ఇంగ అన్నీ పోయినట్టే."

"అదీ! చదువు లేకపోయినా మీకు గ్రహింపుంది."

"కానీ సారూ, ఈ అట్టలో ఉండేది కిలిముక్కు గదా. చిలకముక్కు మాదిరి కొన తిరిగింటాది. ఉప్పూకారం అద్దుకోని కొరుక్కోను బాగుంటాది. మా కంచె పక్కన రెండు చెట్లుండాయి. మిగిలిపోతే ఎనుములకేస్తాం."

"కిలిముక్కు కాదమ్మా. నమూనా. నిరుడు ఇన్‌స్పెక్టరుగారేం చేశారో తెలుసా? అయిదో తరగతి బొమ్మలన్నీ ఒకదానిమీదొకటి పేర్చి, ఆ కిటికీ దగ్గర వెలుగుకు పట్టారు. ఒక్కటే మామిడి కనపడింది! క్లాసంతటికీ ఒక్కటే మామిడి! ఆయన కళ్లు చెమర్చాయి. 'అనంతయ్యా, నీ బడికి ఆదర్శ పాఠశాల అని పేరు పెట్టించే పూచీ నాది, నిన్ను నంద్యాల పెద్దబడికి వేయించే పూచీ నాది' అన్నారు. రేపు మళ్లీ వెలుగుకు పడతారు. మధ్యలో ఈ నలభై రెండు ఉందనుకోండి, నా మామిడికి చెక్కిలి వాచినట్టు కనపడుతుంది. అందుకే, అట్టకు సరిపోని బొమ్మ ఏదున్నా తీసి పక్కన పెట్టమని శేషయ్యకు ముందే చెప్పి ఉంచాను."

"అంటే పిల్ల తప్పలా. మీరు తప్పిచ్చినారు."

"నేనెక్కడ తప్పించాను? ముక్కు తప్పించింది."

"ఒగ మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. క్లాసంతటికీ ఒగే మామిడైతే అంతమంది పిల్లోళ్లెందుకు? ఒగ పిల్లను కూచోబెడితే చాలు గదా. తక్కిన తల్లులకు పొద్దున్నే తలదువ్వి పంపే పనన్నా తప్పేది."

"మీరు హాస్యమాడుతున్నారు."

"లేదు సారూ, హాస్యానికి పొద్దేది? ఆ పిల్ల పొద్దున బోర్డు చూసి నేరుగా మా తోపుకొచ్చి చెట్టెక్కి కూచుంది. దిగనంటాది. వాళ్లమ్మకు కబురు పంపినా, నాకాడే ఉందిలే, భయం లేదని. మజ్జిగ చెంబు కొమ్మకందిస్తే తాగింది గానీ దిగలా. 'అవ్వా, నేను ఇంటికి పోను. తప్పితే బడి మాన్పిచ్చి ఇంట్లో కూచోబెడతానని మా నాయన చెప్పినాడు. ఆయన చెప్పిందే చేస్తాడు' అని ఒగటే ఏడుపు."

"తండ్రి అలా అన్నాడా?"

"అన్నాడంట."

"భేష్! అదీ తండ్రంటే! ఈ ఆళ్లగడ్డలో అట్లాంటి పెద్దమనిషి ఉన్నాడని నాకు తెలియకపాయెనే. విన్నావా శేషయ్యా?"

"విన్నాను సార్. సార్, ఆ పెద్దమనిషి..."

"ఎవరో చెప్పకు! తండ్రి పేరు చెబితే బిడ్డ పేరు తెలిసిపోదూ? కమలాక్షమ్మగారూ, ఆయనకు నా మాటగా చెప్పండి. మీవంటి తండ్రి క్లాసుకొకడుంటే బడి దానంతటదే నడుస్తుందని చెప్పండి."

"చెప్తా సారూ. తప్పకుండా చెప్తా. కానీ ఆయనకు మాటలు వినేదానికి తీరిక తక్కువ. పిల్ల మొకం చూసి మాట్లాడి ఎన్నాళ్లాయెనో. ఆ పిల్ల ఇంటి ఎనక గోడంతా బొగ్గుతో బొమ్మలేసింది. కోడి, కోడిపిల్లలు, ఎగిరే పిట్ట, నేనూ ఉండాను, చేతికర్రతో సహా. ఆయన వాటిమింద సున్నం కొట్టిచ్చినాడే గానీ, ఏందమ్మా ఇవి అని అడగలా."

"మంచిపని. గోడంటే తెల్లగా ఉండాలి. ఏమయ్యా శేషయ్యా, ఆ దగ్గేమిటి?"

"సున్నం సార్. అంటే... గొంతులో ఏదో."

"నీళ్లు తాగు. ఇంకా గంట కొట్టలేదు, అయినా ఫరవాలేదు, తాగు."

"అదేంది సారూ, నీళ్లకు గూడా గంటనా?"

"మూడోగంటకు దప్పిక. బళ్లో అందరికీ ఒకేసారి. సరే, మీరు పెద్దవారు, ఇంతదూరం వచ్చారు. ఒక ఉపకారం చేస్తాను. శేషయ్యా, ఆ బొమ్మకు నువ్వే ఒక ముక్కు తగిలించు. పాసు చేసేద్దాం."

"పరీక్షనాడే తగిలించబోయాను సార్. ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. 'ఇది బేనిషా సార్, ముక్కు పెడితే చిలకైతాది' అనింది."

"మాస్టరు చెయ్యి పట్టుకుందా!"

"పట్టుకుంది సార్. నేను... విడిపించుకోలేదు."

"ఎందుకు?"

"నిజమే అనింది గదా సార్."

"శేషయ్యా!"

"తప్పే సార్. డ్రాయింగు మాస్టరు అట్లా అనుకోకూడదు."

"విన్నారుగా అమ్మా. ముక్కు పెట్టనివ్వని పిల్లకు నేనేం చేయగలను? ఆ నంబరు అయిదులోనే ఉంటుంది. ఇది నా కడపటి మాట."

"సరే సారూ. మీ బడి, మీ మామిడి. ఇంగ నేను పోయొస్తా. గంప చూసుకోండి."

"ఉండండుండండి. శేషయ్యా, వరండాలోకెళ్లి గోనెపట్ట తీసి చూడు. డాగు పడ్డవేమైనా ఉంటే ఏరేద్దాం. ఇన్‌స్పెక్టరుగారు పండు విషయంలో బహు సున్నితం. తీశావా? ఎలా ఉన్నాయి?"

"సార్..."

"ఏమిటయ్యా?"

"ముక్కులు సార్."

"ఏం ముక్కులు?"

"గంపనిండా ముక్కులే సార్. అన్నీ కిలిముక్కులే. పచ్చివి."

"కమలాక్షమ్మగారూ! ఏమిటమ్మా ఇది? ప్రతి ఏడూ మీ బేనిషాలే గదా తెప్పిస్తాను!"

"మీరు కబురు పంపిచ్చింది 'ఒక గంప మామిడిపండ్లు' అని సారూ. బేనిషాలే తెంపిచ్చి గడ్డిలో మాగేసినా. పొద్దున ఆ పిల్ల చెట్టుమింద నుంచి చెప్పింది, ముక్కు లేంది మామిడి కాదంట అవ్వా అని. మామిడి కానిదాన్ని ఇన్‌స్పెక్టరుకు ఎట్ల పెడతాం? మీ పరువేం గావాల? అప్పటికప్పుడు కంచె పక్క చెట్లు రెండూ దులిపిచ్చినా. అన్నీ ఒగే సైజు ఏరినా. ముక్కులన్నీ ఎడమవైపుకే పేర్చినా. కావాలంటే వెలుగుకు పట్టుకోని చూడమనండి."

"ఇవి నోట పెడితే ఆయన పళ్లు పులిసిపోతాయమ్మా! నిరుడు మీ బేనిషాలు తిని బస్సెక్కిందాకా వాటి మాటే. ఆదర్శ పాఠశాల మాట ఎత్తింది కూడా చివరి పండు తిన్నాకనే!"

"పండు తిన్నాకనా? ఒగటే మామిడి కనపడిందని కండ్లనీళ్లు పెట్టుకోని చెప్పినాడన్నారే?"

"రెండూ... రెండూ కలిసి వచ్చాయి."

"అంటే ముక్కుండేవి చూసినాడు, ముక్కు లేనివి తిన్యాడు."

"బేనిషాలిప్పుడు ఎక్కడున్నాయి?"

"మా ఇంట్లోనే, గడ్డిలో. ఇల్లంతా వాసన. కానీ ఏం లాభం సారూ, అవి మామిడిపండ్లు కావు గదా."

"మామిడిపండ్లే!"

"శేషయ్యప్పా, విన్యావా?"

"విన్నానమ్మా. సార్, దిద్దమంటారా?"

"దిద్దడమేమిటి?"

"నలభై రెండు సార్. అది మామిడిపండే అయితే... ముక్కు మార్కులు..."

"ఉండవయ్యా! పద్ధతేమైపోతుంది? రేపు ఆయన వెలుగుకు పడితే?"

"పట్టకముందే పండు కోసి చేతికియ్యండి సారూ. మోచేతులదాకా రసం కారతాంటే కాగితాలెట్ల ముట్టుకుంటాడు? ఇదో, ఒగటి కొంగులో పెట్టుకొచ్చినా. ముందు మీరు చూడండి. చాకు పన్లేదు, తొక్క దానంతటదే ఊడొస్తాది."

"నేను పనివేళల్లో తినను. గంట కాలేదు."

"పండుకు గంట తెలీదు సారూ. ఇంకో రోంతసేపుంటే మెత్తబడిపోతాది."

"ఊఁ... ఒక్క ముక్క. పద్ధతి కోసం కాదు, పరీక్ష కోసం. ఊఁ."

"ఎట్లుంది?"

"ఊఁ. ఊఁ."

"ముక్కు లేదే అని బాధగా ఉందా?"

"ఊఁహూఁ... శేషయ్యా."

"సార్."

"ఆ కాగితం ఇటు తిప్పు. చేత్తో ముట్టుకోను, నువ్వే పట్టుకో. కొంచెం దగ్గరికి. ఈ సొన... తొడిమ దగ్గర కారుతున్నదే, ఇది పెన్సిలుతోనే వేసిందా?"

"పెన్సిలుతోనే సార్. వేలితో రుద్దింది. నేను నేర్పలేదు."

"తడిగా ఉన్నట్టుందే."

"అవును సార్."

"నేనింతకు ముందు చూడలేదు."

"ముక్కు కోసం చూస్తాంటిరి గదా సారూ."

"సరే. పాసు వెయ్యి. ముక్కు మార్కుల దగ్గర... 'ముక్కు కలదు, కానీ ఈ వైపు నుండి కనపడదు' అని రాయి."

"కలదు... కానీ... కనపడదు. రాశాను సార్. ఉడతకు?"

"ఉడతకేమీ వెయ్యను! ఉడతకు వేశానంటే రేపు కాకికడుగుతారు. సొనకొకటి వెయ్యి. బోర్డు మీద నంబరు కొట్టెయ్యి. ఇటు తే, సంతకం పెడతాను. రసం అంటింది, ఫరవాలేదు. అయిందమ్మా. బేనిషాల గంప పొద్దు గూకేలోపల పంపించండి."

"ఇప్పుడే పంపిస్తా సారూ. చల్లగుండండి. కానీ ఒగటే భయం. పాసైనా వాళ్ల నాయన నమ్మల్ల గదా. బొమ్మలేసే పిల్లకు బడెందుకని ఇంగో సాకు చెప్పి కూచోబెడతాడేమో."

"ఎవడమ్మా ఆ మనిషి? ఇట్లాంటి చెయ్యున్న పిల్లను ఇంట్లో కూచోబెడతాడా? కండ్లున్నాయా అతనికి?"

"ఇందాక భేష్ అంటిరే."

"ఇందాక నేను పండు తినలేదు. పిల్ల గోడమీద బొమ్మలేస్తే సున్నం కొట్టిస్తాడా? మూర్ఖుడు!"

"సార్, నేను మొదట్నుంచీ చెప్పబోతున్నాను, ఆ పిల్ల..."

"నువ్వుండు శేషయ్యా! కమలాక్షమ్మగారూ, ఆ పిల్ల కోసం మీరింత తిరుగుతున్నారంటే అతను మీ కన్నకొడుకే అయ్యుండాలి, అందుకే మీరు గట్టిగా అనలేరు. నేనంటాను."

"కన్నకొడుకా? నా కొడుక్కు ఇద్దరూ మగపిల్లోళ్లే సారూ."

"మరి నలభై రెండు మీ మనవరాలు కాదూ?"

"నేనెప్పుడన్నా? అవ్వా అంటాది నన్ను, అంతే. ఊళ్లో పిల్లోళ్లంతా అంటారు."

"ఎవరి పిల్లయితేనేం! ఆ తండ్రిని పిలిపించండి. ఇప్పుడే. ఇక్కడే, శేషయ్య ముందర, మీ ముందర, నాలుగు మాటలు కడిగి పంపిస్తా. ఏమనుకున్నాడు వాడు? యాల పిలవరు? యాడ? యాడుండాడు ఆ మనిషి?"

"యాడికీ పోలా సారూ. మీ కుర్చీలోనే కూచోనుండాడు, మూతికి రసం పూసుకోని."